బెంగళూరు గాలి, బంకులో పెట్రోలు, ల్యాప్‌టాప్‌లో పవర్: కారు రీమ్యాపింగ్ అసలు లెక్క

క్లుప్తంగా: టర్బో ఉన్న కార్లలో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) రీమ్యాప్ చేస్తే, అంటే దానిలోని అంకెలు తిరగరాస్తే, పవర్ పెరగడం నిజమే. అది కంపెనీ జాగ్రత్త కోసం వదిలిపెట్టిన మిగులులోంచి వస్తుంది. బెంగళూరు ఎత్తు వల్ల ఆ మిగులు మైదానంలో ఉన్నంత ఉండదు. టర్బో లేని కార్లలో లాభం నామమాత్రం. చట్టం, బీమా, వారంటీ మూడూ యజమానికి అనుకూలంగా లేవు.

శుక్రవారం సాయంత్రం కేఆర్ పురం హ్యాంగింగ్ బ్రిడ్జి దాటి కోలారు దారి పట్టే కార్లలో తెలుగువాళ్లవి తక్కువేం ఉండవు. చిత్తూరు, తిరుపతి, నెల్లూరు పోయేవాళ్లు ఇటు వెళితే, అనంతపురం, కర్నూలు వాళ్లు దేవనహళ్లి దారిలో వెళతారు. వారమంతా మారతహళ్లి సిగ్నళ్ల దగ్గర ఫస్ట్ గేరు, సెకండ్ గేరుల్లో నలిగిన బండి ఆ రాత్రి ఒక్కసారి ఊపిరి పీల్చుకుంటుంది. కారుకు ఇంకాస్త పికప్ ఉంటే బాగుండుననే ఆలోచన పుట్టేది కూడా సరిగ్గా అక్కడే.

ఆ ఆలోచన మీద బెంగళూరులో ఓ వ్యాపారమే నడుస్తోంది. ఇంజిన్ విప్పకుండా, డ్యాష్‌బోర్డు కింద ఉండే పోర్టుకు ల్యాప్‌టాప్ తగిలించి గంటా రెండు గంటల్లో పవర్ పెంచి ఇస్తామని ట్యూనింగ్ గ్యారేజీలు చెబుతాయి. మామూలుగా వినిపించే మాటలు మూడు: పవర్ 20, 30 శాతం పెరుగుతుంది. మైలేజీ కూడా పెరుగుతుంది. ఇంజిన్‌కు ఏమీ కాదు. మొదటిది కొన్ని కార్లకే వర్తిస్తుంది, రెండోది చాలావరకు డ్రైవరు కాలి మీద ఆధారపడుతుంది. తేల్చడం కష్టమైనది మూడోదే.

## ఇంజిన్‌కు అసలు తిండి గాలి

పవర్ అనగానే పెట్రోలు గుర్తొస్తుంది గానీ, ఇంజిన్‌కు దొరకనిది పెట్రోలు కాదు. ఇంజెక్టరు ఇంకాసేపు తెరిచి ఉంచితే పెట్రోలు ఎంతైనా వస్తుంది. దాన్ని కాల్చడానికి కావలసిన గాలి దగ్గరే ఇబ్బంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కాబట్టి ఇంజిన్ ఎంత గాలి పీల్చగలిగితే అంతే పవర్. సైలెన్సరు, ఎయిర్ ఫిల్టరు, టర్బో, ఇంటర్‌కూలరు, వీటిలో దేన్ని మార్చినా చివరికి చేసేది ఈ గాలి బరువు పెంచే ప్రయత్నమే.

టర్బో లేని ఇంజిన్‌లో పిస్టన్ కిందికి దిగినప్పుడు బయటి వాతావరణ పీడనమే గాలిని లోపలికి నెడుతుంది. ఆ పీడనం ఎవరి చేతిలోనూ లేదు. అందుకే ఇలాంటి ఇంజిన్‌లో సాఫ్ట్‌వేర్ మార్చి రాబట్టేది ఐదు శాతం, మహా అయితే ఇంకొంచెం. స్పార్క్ కొద్దిగా ముందుకు జరపడం, రెవ్ లిమిట్ కాస్త పెంచడం తప్ప చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. 90 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి పవర్ కొలమానం) కారు 94 పీఎస్ అయితే డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి తెలియదు. పవర్ కాస్త ఎక్కువ కనిపించిందంటే మార్చినది యాక్సిలరేటర్ స్పందన అయి ఉంటుంది.

టర్బో ఉంటే కథ వేరు. పొగగొట్టంలోంచి పోయే వేడి వాయువు ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రానికి అతికిన ఇంకో చక్రం గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది. ఎంత నొక్కాలో నిర్ణయించేది ఈసీయూ. వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు ఎప్పుడు తెరుచుకోవాలో దానిలోని పట్టికల్లో రాసి ఉంటుంది. ఆ పట్టికలనే మ్యాప్‌లు అంటారు. రీమ్యాప్ అంటే ఆ అంకెలను తిరగరాయడమే. బూస్ట్ (టర్బో గాలిని నొక్కే పీడనం) పెంచుతారు, దానికి తగ్గట్టు ఇంధనం పెంచుతారు, స్పార్క్ టైమింగ్ మారుస్తారు, టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) మీద కంపెనీ పెట్టిన పరిమితిని పైకి జరుపుతారు. ఒక్క బోల్టు కూడా విప్పకుండా పవర్ పెరగడంలో మాయ ఏమీ లేదు.

గ్యారేజీ భాషలో దీన్నే స్టేజ్ 1 అంటారు. ఇంటేక్, డౌన్‌పైప్, ఇంటర్‌కూలరు లాంటి భాగాలు మార్చి వాటికి తగ్గట్టు మ్యాప్ రాస్తే స్టేజ్ 2. టర్బోనే మార్చేస్తే స్టేజ్ 3. ఇవి ఎవరో నిర్ణయించిన ప్రమాణాలు కావు, వ్యాపారంలో స్థిరపడిన పేర్లు. ఒక గ్యారేజీ స్టేజ్ 2 ఇంకో గ్యారేజీ స్టేజ్ 1 కన్నా మెత్తగా ఉండొచ్చు.

## కంపెనీ ఎందుకు వదిలేసింది?

ఇక్కడ న్యాయంగానే ఒక ప్రశ్న వస్తుంది. అంత తేలికగా పవర్ వస్తుంటే తయారుచేసిన కంపెనీయే ఎందుకు ఇవ్వలేదు?

కొన్నిసార్లు ఇస్తుంది, డబ్బు తీసుకుని. మహీంద్రా 2.2 లీటర్ల ఎమ్‌హాక్ డీజిల్ ఇంజిన్‌ను చూస్తే చాలు.  స్కార్పియో-ఎన్ కింది వేరియంట్‌లో అది 132 పీఎస్, పై వేరియంట్లలో 175. ఎక్స్‌యూవీ700లో ఎంఎక్స్ అయితే 155, ఏఎక్స్ అయితే 185. ఘనపరిమాణం అదే, అంకెలు నాలుగు రకాలు. అయితే ఇదంతా సాఫ్ట్‌వేరే అనుకుంటే పొరపాటు. ఒకప్పుడు సగం మార్కెట్‌ను నడిపిన ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్ సంగతి గుర్తు చేసుకోవచ్చు. స్విఫ్ట్‌లో 75 పీఎస్, 190 ఎన్ఎమ్ (టార్క్ కొలమానం). అదే ఇంజిన్ ఎర్టిగా, సియాజ్‌లలో 90 పీఎస్, 200 ఎన్ఎమ్. ఆ 15 పీఎస్ తేడా వెనక మ్యాప్ ఒక్కటే లేదు, వేరే రకం టర్బో ఉంది. స్విఫ్ట్‌లో స్థిరమైన జ్యామితి టర్బో, మిగతా వాటిలో రెక్కల కోణం మారే వీజీటీ. స్విఫ్ట్‌ను రీమ్యాప్ చేసి 90 పీఎస్ దాటించిన గ్యారేజీలు అప్పట్లో చాలానే ఉండేవి. అంకె ఒకటే అయినా, స్విఫ్ట్‌లో టర్బో తన హద్దు దగ్గర పనిచేసింది, ఎర్టిగా, సియాజ్‌లలో వీజీటీ సుఖంగా పనిచేసింది.

కంపెనీ వదిలే మిగులుకు కారణాలు వేరే ఉన్నాయి. ఒకే మ్యాప్‌తో కారు లేహ్‌లో నడవాలి, రామగుండం ఎండలో నడవాలి. కల్తీ ఇంధనం పడినా తట్టుకోవాలి. ఎయిర్ ఫిల్టరు మార్చకుండా ఏడాది తిప్పే యజమాని చేతిలోనూ, ఆరుగురిని ఎక్కించుకుని ఘాట్ ఎక్కే డ్రైవరు చేతిలోనూ బతకాలి. వారంటీ కాలంలో ఇంజిన్ పోతే ఖర్చు కంపెనీదే. దీనిపైన ఉద్గారాల నిబంధనలు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6, 2023 ఏప్రిల్ 1 నుంచి దాని రెండో దశ వచ్చాయి. రెండో దశలో ప్రయోగశాలలోనే కాక నిజమైన రోడ్డు మీద నడిపి కూడా పొగ కొలుస్తారు.

ట్యూనర్ వాదన దీనికి జవాబుగానే ఉంటుంది: మీరు లేహ్ వెళ్లరు, మంచి ఇంధనం పోస్తారు, సర్వీసు సమయానికి చేయిస్తారు, కాబట్టి ఆ మిగులులో కొంత వాడుకోవచ్చు. తర్కం తప్పు కాదు. కానీ మిగులు ఎంత ఉందో కొలిచి చెప్పగలిగేది వేల గంటలు ఇంజిన్‌ను పరీక్ష బల్ల మీద నడిపిన కంపెనీయే. గ్యారేజీ చెప్పేది అనుభవం మీద వేసిన అంచనా. మంచి ట్యూనర్ల అంచనా చాలాసార్లు నిజమవుతుంది కూడా.

## 920 మీటర్ల ఎత్తులో టర్బో

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం చెన్నై కన్నా దాదాపు పదో వంతు తక్కువ. టర్బో లేని కారు ఈ ఊరికి వచ్చీ రాగానే ఆ పదో వంతు పోగొట్టుకుంటుంది. బ్రోషర్‌లో 90 పీఎస్ అని రాసిన కారు బెంగళూరులో ఇంచుమించు 80 పీఎస్ కారే. విజయవాడలో ఇదే బండి బాగా లాగేది, ఇక్కడికొచ్చాక నీరసపడింది అనే ఫిర్యాదు ఊహ కాదు. మెకానిక్ దగ్గర దానికి మందు లేదు.

టర్బో కారులో ఈ నష్టం కనిపించదు. గాలి పలచగా ఉందని ఈసీయూ గ్రహించి టర్బోను ఇంకా వేగంగా తిప్పుతుంది. ఇంజిన్ లోపల 2 బార్ల పీడనం కావాలనుకుందాం. చెన్నైలో బయటి గాలి దాదాపు 1.01 బార్. అంటే టర్బో దాన్ని రెండు రెట్లు నొక్కితే చాలు. బెంగళూరులో బయటి గాలి సుమారు 0.91 బార్, కాబట్టి 2.2 రెట్లు నొక్కాలి. డ్రైవరుకు పవర్ ఒకటే, టర్బోకు పని మాత్రం ఎక్కువ. అంటే కంపెనీ వదిలిన మిగులులో కొంత బెంగళూరు ఎత్తు ముందే తినేసింది.

ఇప్పుడు రీమ్యాప్‌లో అదే పీడనాన్ని 2.3 బార్లకు పెంచారనుకుంటే చెన్నైలో టర్బో 2.3 రెట్లు నొక్కాలి, బెంగళూరులో 2.5 రెట్లు. ప్రతి టర్బోకూ ఒక హద్దు ఉంటుంది. దాన్ని దాటితే గాలి అంతగా పెరగదు, వేడి మాత్రం పెరుగుతుంది, షాఫ్టు వేగం ప్రమాదకర స్థాయికి చేరుతుంది. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న ఊళ్లో పరీక్షించిన రెడీమేడ్ మ్యాప్ ఫైలును మెయిల్‌లో తెప్పించుకుని బెంగళూరు కారులో ఎక్కించడం అందుకే అంత మంచిది కాదు. చాలా గ్యారేజీలు అలాంటి ఫైళ్లే వాడతాయి. కారును ఇక్కడి రోడ్డు మీద నడిపి, లాగ్‌లు (ఇంజిన్ నడిచినప్పటి అంకెల నమోదు) చూసి, అంకెలు సరిచేసి ఇచ్చేవాళ్లు కొందరే.

రెండో వైపు కూడా చూడాలి. బెంగళూరులో, 25 డిగ్రీల చల్లటి ఉదయం, చక్కగా ట్యూన్ చేసిన కారు మే నెలలో తిరుపతి బయలుదేరింది. కోలారు, ముళబాగిలు దాటి, పలమనేరు తర్వాత మొగిలి ఘాట్ దిగి చిత్తూరు చేరేసరికి ఎత్తు 300 మీటర్ల చిల్లరకు పడిపోతుంది, ఎండ 40 దాటుతుంది. టర్బోకు కాస్త తెరిపి దొరికినా ఇంజిన్‌లోకి పోయే గాలి వేడెక్కుతుంది. వేడి గాలి, ఎక్కువ బూస్ట్ కలిస్తే నాకింగ్ దగ్గరపడుతుంది. స్పార్క్ మంట చేరకముందే మిగతా మిశ్రమం దానంతటదే పేలడాన్ని నాకింగ్ అంటారు. నాక్ సెన్సరు దాన్ని పసిగట్టి ఈసీయూకు చెబుతుంది, ఈసీయూ స్పార్క్‌ను వెనక్కి లాగుతుంది, పవర్ తగ్గుతుంది. ఇంజిన్ క్షేమమే, కానీ డబ్బు పెట్టి కొన్న పవర్ ఎండాకాలం మధ్యాహ్నం ఉండదు. మ్యాప్‌లో నాక్ రక్షణను కూడా సడలించి ఉంటే మాత్రం పిస్టన్ రింగుల మధ్య గోడలు విరగడం దాకా పోవచ్చు.

చిన్న టర్బో పెట్రోలు ఇంజిన్లకు ఇంకో ప్రత్యేకమైన జబ్బు ఉంది. 1500, 2000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) మధ్య, గేరు మార్చకుండా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు, సిలిండర్‌లో మిగిలిన నూనె బిందువు లాంటిదేదో స్పార్క్ కన్నా ముందే మిశ్రమాన్ని అంటించేస్తుంది. దీన్ని ఎల్‌ఎస్‌పీఐ అంటారు. ఇది మామూలు నాకింగ్ కన్నా చాలా తీవ్రమైనది, స్పార్క్ వెనక్కి లాగినా ఆగదు, ఎందుకంటే అంటుకున్నది స్పార్క్ వల్ల కాదు. దీన్ని దృష్టిలో పెట్టుకునే 2020లో ఏపీఐ ఎస్‌పీ ప్రమాణంతో ఇంజిన్ ఆయిళ్లు వచ్చాయి. రీమ్యాప్ కొనేవాళ్లు ఎక్కువ ఇష్టపడేది కింది ఆర్‌పీఎంలోనే వచ్చే ఆ దూకుడు టార్క్. ఎల్‌ఎస్‌పీఐకి అనువైన చోటు కూడా అదే. జాగ్రత్తపరులైన ట్యూనర్లు 2000 ఆర్‌పీఎం కింద బూస్ట్‌ను దాదాపు ముట్టుకోరు. టెస్ట్ డ్రైవ్‌లో ఆ మ్యాప్ కాస్త చప్పగా అనిపిస్తుంది, అందుకే అమ్ముడుపోవడం కష్టం.

## బంకులో పోసేది ఏమిటి?

నాకింగ్‌ను తట్టుకునే శక్తిని ఆక్టేన్ అంకె చెబుతుంది. బెంగళూరులో ఇండియన్ ఆయిల్ వారి ఎక్స్‌పీ95 లాంటి ఎక్కువ ఆక్టేన్ పెట్రోళ్లు కొన్ని బంకుల్లో దొరుకుతాయి. స్టేజ్ 1 మ్యాప్‌ను ఎక్కువ ఆక్టేన్ ఇంధనం మీద రాసి, అదే ఇంధనంతో డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద నడిపి కాగితం చేతిలో పెడితే అంకెలు అందంగా ఉంటాయి. ముళబాగిలు దాటాక అర్ధరాత్రి తెరిచి ఉన్న ఏదో ఒక బంకులో మామూలు పెట్రోలు పోయించాక ఆ కాగితానికీ కారుకూ సంబంధం తగ్గిపోతుంది.

ఇప్పుడు ఇందులోకి ఇథనాల్ చేరింది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో 20 శాతం కలపడం మామూలైంది, దీన్నే ఈ20 అంటారు. ట్యూనింగ్ కోణంలో ఇథనాల్ రెండు పక్కలా పదునున్న కత్తి. దాని ఆక్టేన్ పెట్రోలు కన్నా ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది, కాబట్టి నాకింగ్ తగ్గుతుంది. ఇంకోపక్క దానిలో శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. కిలో ఇథనాల్ కాలడానికి 9 కిలోల గాలే చాలు. అంటే ఈ20 ఇంధనానికి సరైన పాళ్లు 14.7 కావు, సుమారు 13.6. అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలన్నమాట. మామూలు వేగంలో ఆక్సిజన్ సెన్సరు చూసి ఈసీయూ తనే సర్దుకుంటుంది. పాత తరం కార్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఆ సెన్సరు మాట వినడం మానేసి పట్టికలో ఉన్న అంకె ప్రకారం పోతుంది. పదేళ్ల కిందటి పెట్రోలు కోసం రాసిన స్టేజ్ 2 మ్యాప్‌తో ఈరోజు తిరుగుతున్న కారు ఫుల్ థ్రాటిల్ దగ్గర అవసరమైన దానికన్నా పలచటి మిశ్రమంతో నడుస్తూ ఉండొచ్చు. అలాంటి కారున్నవాళ్లు మళ్లీ ఒకసారి లాగ్ తీయించుకోవడం మంచిది.

## డైనో కాగితం చదవడం

డైనో అంటే కారు చక్రాలను రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం. అది కొలిచేది చక్రాల దగ్గరి పవర్. బ్రోషర్‌లో ఉండేది ఇంజిన్ దగ్గరిది. మధ్యలో గేర్‌బాక్సు, టైర్లు సుమారు 15 శాతం తినేస్తాయి. అందుకని చక్రాల అంకెను పైకి సరిచేసి ఇంజిన్ అంకెగా ముద్రిస్తారు. ఎంత సరిచేయాలనేది చాలావరకు ఆపరేటరు చేతిలో ఉంటుంది.

బెంగళూరులో ఇంకో సవరణ కూడా కలుస్తుంది. వేడి, ఎత్తు వల్ల ఊరూరికీ అంకె మారకుండా ఉండాలని వాతావరణ సవరణ గుణకం వాడతారు. టర్బో లేని కారుకు ఇక్కడ పదో వంతు కలపడం న్యాయమే, నిజంగా పోయిన పవర్ అది. టర్బో కారు ఆ లోటును తనంతట తానే చాలావరకు పూడ్చుకుంటుంది. దానికీ అదే గుణకం వేస్తే లేని పవర్ కాగితం మీదికి వచ్చి కూర్చుంటుంది. 115 పీఎస్ కారు ఏమీ చేయకుండానే 125 అవుతుంది. రీమ్యాప్‌కు ముందు, తర్వాత ఒకే డైనో మీద, ఒకే రోజు, ఒకే సవరణతో తీసిన రెండు కాగితాలు ఉంటే తేడా నమ్మొచ్చు. తర్వాతి కాగితం ఒక్కటే ఇచ్చి, ముందుది బ్రోషర్‌లో చూసుకోమంటే అది చెట్టు పేరు చెప్పి కాయలమ్మడమే.

పవర్ అంకె కన్నా టార్క్ గీతను చూడటం ఎక్కువ ఉపయోగం. పవర్ అంటే టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించగా వచ్చేదే. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా 1.0 టీఎస్‌ఐ టర్బో ఇంజిన్ 178 ఎన్ఎమ్ ఇస్తుంది, 115 పీఎస్ వచ్చేది 5000 ఆర్‌పీఎం దగ్గర. వెనక్కి లెక్కేస్తే ఆ 5000 దగ్గర టార్క్ 161 ఎన్ఎమ్ మాత్రమే. రీమ్యాప్ మధ్యలో ఉన్న టార్క్‌ను పెంచిందా, చివర్లో పడిపోయే దాన్ని నిలబెట్టిందా అన్నది గీతలోనే తెలుస్తుంది. బెంగళూరు నగరంలో, ట్రాఫిక్‌ను కొలిచే టామ్‌టామ్ సంస్థ 2024 లెక్క ప్రకారం 10 కిలోమీటర్లు పోవడానికి సగటున 34 నిమిషాలు పట్టే చోట, 5000 ఆర్‌పీఎం పవర్ వాడుకునే అవకాశం సిల్క్ బోర్డు దగ్గర ఎటూ రాదు.

## ఇంజిన్ తట్టుకుంది సరే, వెనకున్నవి?

ట్యూనింగ్ చర్చ అంతా ఇంజిన్ చుట్టూ తిరుగుతుంది. ముందుగా చేతులెత్తేసేది తరచుగా క్లచ్. మాన్యువల్ కారులో టార్క్ క్లచ్ పట్టు దాటితే అది జారుతుంది. ఆర్‌పీఎం ఎగురుతుంది, వేగం పెరగదు, కాలిన వాసన వస్తుంది. ట్రాఫిక్‌లో సగం నొక్కి పట్టి అరిగిన క్లచ్ అయితే ఇంకా ముందే.

ఆటోమేటిక్‌లో ఖర్చు పెద్దది. వర్టస్, టైగన్, కుషాక్, స్లావియా 1.5 టీఎస్‌ఐ కార్ల ఇంజిన్ 250 ఎన్ఎమ్ ఇస్తుంది. వాటితో వచ్చే ఏడు గేర్ల డీక్యూ200 డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగకుండా పొడిగా పనిచేసే క్లచ్) డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు మోయగల పరిమితి కూడా 250 ఎన్ఎమ్. అంటే కంపెనీయే గేర్‌బాక్సు అంచు దాకా వచ్చి ఆగింది. ఇంజిన్ 300 ఎన్ఎమ్‌కు పైగా ఇవ్వగలదు, స్టేజ్ 1 మ్యాప్‌లు దాన్నే వాగ్దానం చేస్తాయి. ఆ అదనపు 50 ఎన్ఎమ్ ఎవరు మోయాలన్న ప్రశ్నకు, గేర్‌బాక్సు సాఫ్ట్‌వేర్‌లో క్లచ్ ఒత్తిడి పెంచుతామనేది మామూలు జవాబు. ఎండలో, బంపర్‌కు బంపర్ ఆనుకుని పాకే ట్రాఫిక్‌లో డ్రై క్లచ్ అసలే వేడెక్కి ఉంటుంది.

## ఫిల్టరు, సైలెన్సరు, పెడల్ బాక్సు

జేసీ రోడ్డు షాపుల్లో ఎక్కువగా అమ్ముడయ్యేవి ఇవే, పవర్ విషయంలో చెప్పుకోవాల్సింది మాత్రం తక్కువ. కోన్ ఆకారం ఫిల్టరు బానెట్ కింద వేడి గాలిని పీలిస్తే ఉన్న పవర్ కూడా తగ్గొచ్చు, చప్పుడు మాత్రం బాగుంటుంది. ఫ్రీ ఫ్లో సైలెన్సరు టర్బో లేని కారుకు చేసేది ప్రధానంగా శబ్దమే. పెడల్ బాక్సు ఇంజిన్‌ను అసలు ముట్టుకోదు. యాక్సిలరేటర్ పావు వంతు తొక్కితే సగం తొక్కినట్టు ఈసీయూకు చెబుతుంది, అంతే. దాన్ని తీసేసినా ఆనవాలు మిగలదు. కాబట్టి పికప్ లేదన్న బాధ నిజానికి యాక్సిలరేటర్ మందకొడితనమే అయితే, అన్నిటికన్నా నిరపాయమైన ఖర్చు అదే.

## మైలేజీ మాట

డీజిల్ కార్లకు పిగ్గీబ్యాక్ బాక్సులని ఒక రకం ఉంది. ఈసీయూను తెరవకుండా సెన్సరుకూ దానికీ మధ్య వైర్లలో కూర్చుంటుంది. ఇంధన రైలులో (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టంలో) ఉన్న పీడనాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. ఈసీయూ నమ్మి పీడనం పెంచుతుంది, సిలిండర్‌లోకి ఎక్కువ డీజిల్ పోతుంది, పవర్ పెరుగుతుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఎంత డీజిల్ పోసిందో ఈసీయూకే తెలియదు, తక్కువ పోశాననే అనుకుంటుంది. డ్యాష్‌బోర్డు మీద మైలేజీ లెక్కగట్టేది కూడా ఆ ఈసీయూనే. స్క్రీన్ మీద మైలేజీ పెరిగినట్టు కనిపించడానికి చాలా సందర్భాల్లో కారణం ఇదే. ట్యాంకు నిండా పోయించి, తిరిగి, మళ్లీ నిండా పోయించి లెక్కేసుకోవడం తప్ప వేరే దారి లేదు. టార్క్ పెరిగిన కారును హైవేలో పై గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో ఓపిగ్గా నడిపేవాళ్లకు కొంత మిగలడం అసాధ్యమేమీ కాదు. అంత ఓపిక ఉన్నవాళ్లు రీమ్యాప్‌కు రావడమే అరుదు.

## చట్టం, పొగ, బీమా

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళకు సంబంధించిన ఒక కేసులో దీన్ని స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో సెక్షన్ 182ఏ చేరింది. అనుమతి లేని మార్పులకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. శబ్దం, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే సెక్షన్ 190 కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలలు లైసెన్సు అనర్హత ఉన్నాయి.

ఆచరణలో పట్టుబడేది చెవికి, కంటికి తెలిసేదే. పోలీసుల చేతికి ముందు చిక్కేది మార్చిన సైలెన్సరు. ఈసీయూ లోపలి అంకెలను రోడ్డు మీద తనిఖీ చేసే ఏర్పాటు లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలోనూ ఇదే లోపం. పెట్రోలు కారుకు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, డీజిల్‌కు పొగ సాంద్రత చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లు చూడరు. ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) మూసేసినప్పుడు పెరిగేది సరిగ్గా అవే. పట్టుబడకపోవడం అనుమతి కిందికి రాదు. ఇంజిన్ సాఫ్ట్‌వేర్ కూడా ఉద్గార పరికరమేనని పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఇంకోలా పొగ వదిలేలా సాఫ్ట్‌వేర్ రాసిన ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ వ్యవహారం 2015లో ప్రపంచానికి తెలియజెప్పింది. అక్కడ మార్చిన వస్తువు ఏదీ లేదు, కొన్ని వరుసల కోడ్ మాత్రమే.

డీపీఎఫ్ తీసేయించడం బెంగళూరులో ఎందుకు ఆకర్షిస్తుందో కూడా చూడాలి. బీఎస్-6 డీజిల్ కారులో మసిని పట్టే ఈ జల్లెడ తనను తాను శుభ్రం చేసుకోవాలంటే 600 డిగ్రీల దాకా వేడెక్కాలి. దానికి కాసేపు ఆగకుండా, ఒక మోస్తరు వేగంతో నడవాలి. ఇల్లు, ఆఫీసు మధ్య ఎనిమిది కిలోమీటర్లు ముక్కుతూ పోయే కారుకు ఆ అవకాశం రాదు. లైటు వెలుగుతుంది, సర్వీస్ సెంటరు బిల్లు వేస్తుంది, తీసేయిస్తే పోతుంది కదా అనే సలహా ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. అది నేరుగా చట్టవిరుద్ధం. వారానికోసారి హోసకోటె దాకా ఆగకుండా నడిపి రావడం చవక.

బీమా పాలసీలో వాహనానికి చేసిన మార్పులను తెలియజేయాలనే షరతు ఉంటుంది. చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం తర్వాత సర్వేయరు కంట పడితే సొంత నష్టపు క్లెయిమును తిరస్కరించడానికి కంపెనీకి కారణం దొరుకుతుంది. వారంటీ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. సర్వీసుకు ఇచ్చే ముందు పాత మ్యాప్ తిరిగి ఎక్కిస్తే తెలియదని గ్యారేజీలు చెబుతాయి. చాలా ఈసీయూల్లో ఎన్నిసార్లు తిరగరాశారో లెక్కపెట్టే కౌంటరు ఉంటుంది, పాత మ్యాప్ వచ్చినా ఆ లెక్క వెనక్కి పోదు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో ఇలా గుర్తించిన వాహనాన్ని టీడీ1 అనే గుర్తుతో నమోదు చేస్తారు. ఆ తర్వాత ఇంజిన్, గేర్‌బాక్సు వారంటీ గురించి అడిగి లాభం లేదు.

## ఎక్కడ నడపాలి, ఇక ముందు ఏమిటి?

పెంచిన పవర్‌ను నేరం కాకుండా వాడుకునే చోట్లు దక్షిణాదిలో ఉన్నాయి. చెన్నై దగ్గర షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు పోటీలు జరిగేవి. తర్వాత మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల ట్రాక్ కట్టింది. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. బెంగళూరు నుంచి రెండూ ఒక్కరోజు ప్రయాణంలో ఉన్నవే. ఈ రెండు ఊళ్లలోనూ ట్యూనింగ్ పనితనం పెరిగింది రేసుల వల్లే. అక్కడ ఇంజిన్‌ను రెండు మూడు రేసులకోసారి విప్పి చూస్తారు. రోజూ ఆఫీసుకు పోయే కారుకు ఆ వైద్యం అందదు.

రీమ్యాప్ చేయడం కూడా ఏటేటా కష్టమవుతోంది. బాష్ ఎంజీ1, ఎండీ1 తరం ఈసీయూలకు గట్టి తాళాలు వేసి ఉన్నాయి. చాలావాటిని పోర్టు ద్వారా రాయడం కుదరదు, బయటికి తీసి బల్ల మీద పెట్టి తెరవాలి. గంటలో అయ్యే పని అర రోజు అవుతోంది, ధర కూడా ఆ మేరకు పెరుగుతోంది.

ఎలక్ట్రిక్ కార్లలో ఈ లెక్కల్లో సగం ఎగిరిపోతాయి. మోటారు గాలి పీల్చదు, కాబట్టి బెంగళూరులో ఎంతో మొగిలి ఘాట్ కింద అంతే. నాకింగ్ లేదు, ఆక్టేన్ లేదు. హద్దు పెట్టేవి బ్యాటరీ, ఇన్వర్టరు, వాటి వేడి, మళ్లీ ఒక సాఫ్ట్‌వేర్ పట్టిక. మెర్సిడెస్ 2022లో అమెరికాలో ఈక్యూఈ, ఈక్యూఎస్ ఎలక్ట్రిక్ కార్ల యజమానులకు ఏడాదికి 1,200 డాలర్లు కడితే ఉన్న మోటార్ల నుంచే ఎక్కువ పవర్ ఇస్తామని ప్రకటించింది. వారంటీ పోదు, టీడీ1 గుర్తు పడదు, గ్యారేజీకి వెళ్లక్కర్లేదు. రీమ్యాప్ వ్యాపారంలోకి కంపెనీయే దిగింది.